వంకాయరంగు బండి

బావ రిటైరైన ఏడాది ఎండాకాలంలో మా క్వార్టరు వెనక పెరట్లోకి ఒక బండి వచ్చింది. ట్రాలీ ఆటోలో తాళ్లతో బిగించి తెచ్చారు. నేను దవాఖానలో మార్నింగ్ షిఫ్టు ముగించుకుని అప్పుడే ఇంటికి చేరాను. ఇంకా చెప్పులు కూడా విడవలేదు. ఇద్దరు మనుషులు, బావ కలిసి దాన్ని ఆటోలోంచి దించుతుంటే, ఎవరో ఇల్లు కడుతూ మధ్యలో వదిలేసిన సిమెంటు దిమ్మెను తెచ్చి పెడుతున్నట్టే ఉంది. రెండు చక్రాలూ ఒక హ్యాండిలూ ఉన్నాయి కాబట్టి బండేనని ఒప్పుకోవాల్సి వచ్చింది.

మా ఆయన నాకు మేనబావ. పెళ్లయి ఇన్నేళ్లయినా నా నోటికి బావ అనే పిలుపే అలవాటు. గోదావరిఖని బొగ్గుబాయిల్లో ఫిట్టరుగా పనిచేసి దిగిపోయాడు. నేను కంపెనీ దవాఖానలో నర్సును. నాకింకా కొన్నేళ్ల సర్వీసు ఉంది. ఆయన రిటైరయ్యాక క్వార్టరు నా పేరు మీదికి మారింది. అప్పటినుంచి ఇంటికి ఎవరొచ్చినా, సిస్టరమ్మ ఇంట్లో ఉంటున్నానని, ఇంకా కిరాయి అడగడం లేదని చెప్పి నవ్వేవాడు. నవ్వేవాడే గానీ, ఆయనకు ఇంట్లో పొద్దుపోవడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. మూడు షిఫ్టుల మనిషి. పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎటు పోవాలో తోచక గేటు దగ్గర నిలబడేవాడు.

బండి బసంత్‌నగర్‌ది. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసిన ఒకాయన ఎప్పుడో ముచ్చటపడి కొనుక్కున్నాడు. దూరప్రయాణాల కోసమే చేసిన బండి. పెద్ద ట్యాంకు, వెడల్పాటి సీటు, వెనక కూర్చున్న మనిషి ఆనుకోవడానికి దిండు, రెండు పక్కలా సంచులు తగిలించే ఇనుప చట్రాలు, ముందు గాలిని ఆపే అద్దం. కొన్నాళ్లు తిరిగాక ఆయనకు నడుంనొప్పి పట్టుకుంది. బండిని ఇంటి పక్క రేకుల షెడ్డు కింద పెట్టేశాడు. ఒక గాలివానకు రేకు లేచిపోయింది. దాన్ని మళ్లీ ఎవరూ వేయలేదు. సిమెంటు దుమ్ము పడటం, దాని మీద వాన పడటం, మళ్లీ ఎండటం. ఇలా పొర మీద పొర పేరుకుని బండి మొత్తానికి పెంకు కట్టింది.

బావ ఒక పెళ్లికి బసంత్‌నగర్ పోయి దాన్ని చూశాడు. భోజనాలు కాగానే మనిషి కనిపించకపోతే నేను మండపమంతా వెతికాను. చివరికి ఆ షెడ్డు దగ్గర ఉతికిన తెల్లచొక్కాతో మోకాళ్ల మీద కూర్చుని ఇంజను కిందికి తొంగిచూస్తున్నాడు. నన్ను చూసి, "ఇంజను తిరుగుతుంది. పాణమున్నది దీనికి" అన్నాడు. సర్వీసంతా క్వార్టరు నుంచి బాయికి, బాయి నుంచి క్వార్టరుకు స్కూటరు మీద తిరిగిన మనిషి. రిటైరయ్యాక నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఊళ్లు తిరగాలన్న కోరిక ఆయనకు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

పక్క క్వార్టరులో ఒక పెద్దాయన ఉంటాడు. మేమందరం కాక అంటాం. బాయి పైన, లోపలికి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంపు రూములో చేసి చాలా ఏళ్ల కిందటే దిగిపోయాడు. ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఆయన గోడ మీదుగా తలపెట్టి చూసి, "గిది బండేనా కొడుకా, బొందలకెల్లి తవ్వి తెచ్చినవా?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన కుర్చీ మా పెరట్లో జామచెట్టు కిందికి మారింది.

మొదటి చిక్కు ఆ పెంకుతోనే వచ్చింది. ఇనుప బ్రష్షుతో గీకితే రంగు కూడా ఊడొచ్చేలా ఉంది. నీళ్లకు కరగదు. బావ రెండు రోజులు దాని చుట్టూ తిరిగి, ఒక మూలన చిన్న ఉలితో కొట్టి చూసి, గీత పడటంతో ఉలి పారేశాడు. నాకు దవాఖాన గుర్తొచ్చింది. చిన్నపిల్లలకు పిండికట్టు తీసేటప్పుడు కోయడానికి భయపడితే, వెనిగర్ కలిపిన నీళ్లలో తడిపి మెత్తబరుస్తాం. సిమెంటు కూడా దానికి లొంగుతుందేమో చూద్దామన్నాను. కిరాణా దుకాణం నుంచి వెనిగర్ సీసాలు తెచ్చాం. నా పాత చీరలు చింపి, ఆ నీళ్లలో తడిపి బండికి చుట్టాం. ట్యాంకుకు ఒక చీర, మడ్‌గార్డులకు ఒకటి, హెడ్‌లైటుకు ఒక పీలిక. కాక చూసి, ఆర్తోపెడిక్ వార్డు ఇంటికే వచ్చిందన్నాడు.

పొద్దుగూకే వేళకు ట్యాంకు మీది గుడ్డ తీసి, నేను నెమ్మదిగా నీళ్లు పోస్తుంటే బావ బొటనవేలితో రుద్దాడు. పెంకు బురదలా జారిపోయింది. కింద నిగనిగలాడుతూ రంగు కనిపించింది. అమ్మినాయన నల్లబండి అని చెప్పాడు. నలుపు కాదు. లేత వంకాయ తొక్క మీద ఉండే రంగు. పడమటి ఎండ తగిలితే కొంచెం ఎర్రగా, నీడలో నల్లగా కనిపించింది. ముగ్గురం వంగి ఆ అరచేతంత చోటునే చూశాం. తరవాత చీకటి పడేదాకా నేను వంట మాట మరిచిపోయి రుద్దుతూనే ఉన్నాను. ఆ రాత్రి కాక ఇంటి నుంచే కూర వచ్చింది.

ఆ తరవాత బావ దాన్ని ముక్కలు ముక్కలుగా విప్పాడు. ఏ నట్టు ఎక్కడిదో కలవకుండా ఉండాలని నా పోపుల డబ్బా తీసుకున్నాడు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆవాలు, జీలకర్ర, మెంతులు కాగితం పొట్లాల్లోకి మారి, వాటి గిన్నెల్లో బోల్టులు కూర్చున్నాయి. గొడవపడ్డాను. మర్నాడు కొత్త డబ్బా తెచ్చిచ్చాడు. గాలి వడపోసే పెట్టె విప్పితే అందులో ఎలుక గూడు, పత్తి, గోనెసంచి పోగులు ఉన్నాయి. ట్యాంకు లోపల తుప్పు. దాంట్లో గుప్పెడు గులకరాళ్లు, డీజిలు పోసి, మూత బిగించి, చెరో పక్క పట్టుకుని ఊపాం. చేతులు పడిపోయేదాకా ఊపితే ఎర్రటి నీళ్లు వచ్చాయి. మళ్లీ పోసి మళ్లీ ఊపాం. పెట్రోలు ఇంజనుకు అందించే కార్బ్యురేటరులో వెంట్రుకవాసి కన్నాలుంటాయి. వాటిలోకి మురికి వదిలించే మందు కొట్టడానికి నేను మెడికల్ షాపు నుంచి సిరంజి తెచ్చాను. ఆ పని నాకే అప్పజెప్పాడు. ఇంజెక్షను చేసే చెయ్యి వణకదు అన్నాడు.

నేను ఇంట్లో లేని వేళ కూడా ఆయన అన్నం వేళకు తింటున్నాడని కాక చెప్పేవాడు. సాయంత్రం నేను వచ్చేసరికి ఆయన చెప్పడానికి ఏదో ఒకటి ఉండేది. బ్రేకు పట్టేసింది, ఇవాళ వదిలింది. గొలుసు మార్చాలి. వైరు ఎలుక కొరికింది. నేను టీ తాగుతూ వినేదాన్ని. నేను చెప్పేవాటికి మాత్రం ఆయన తల ఊపేవాడు.

ఆ తల ఊపడం సంగతి చెప్పాలి. ఏళ్ల తరబడి బాయి లోపల యంత్రాల మోతలో పనిచేసిన మనిషి. చెవులు మందగించాయి. నర్సును కాబట్టి నాకు ముందే అర్థమైంది. టీవీ సౌండు పెరిగింది. మా అమ్మాయి ఫోను చేస్తే రెండు మాటలు మాట్లాడి, అమ్మకిస్తున్నా అని నా చేతిలో పెట్టేవాడు. ఎవరేం చెప్పినా ముందు నవ్వి, తల ఊపి, ఆ తరవాత వాళ్ల ముఖం చూసి అది నవ్వే మాటో కాదో పోల్చుకునేవాడు. మధ్యాహ్నం పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు చేస్తే ఇంట్లో గిన్నెలు కదులుతాయి. అది కాళ్లకు తెలుస్తుంది కాబట్టి, "ఇయ్యాల గట్టిగ కొట్టిండ్రు" అని అందరికంటే ముందు ఆయనే అనేవాడు. చెవి డాక్టరు దగ్గరికి పోదామంటే, తనకు బాగానే వినపడుతుందని, ఈ కాలం మనుషులే మెల్లగా మాట్లాడుతున్నారని అనేవాడు. నేను బలవంతం చేయలేదు.

వానలు మొదలయ్యే ముందు ఒక ఆదివారం, నేను చర్చి నుంచి వచ్చాక, బండి స్టార్టు చేద్దామన్నాడు. కొత్త బ్యాటరీ, కొత్త టైర్లు, తోమిన ట్యాంకు, మెరుగుపెట్టిన పైపులు. కాక కూడా తలకు నూనె రాసుకుని వచ్చి కూర్చున్నాడు. బావ బటను నొక్కాడు. ఇంజను దగ్గింది, ఆగింది. మళ్లీ నొక్కాడు. నాలుగో అయిదో సారికి తెల్లటి పొగ కక్కి, ఒళ్లు విదిలించుకుని, నడవడం మొదలుపెట్టింది. బావ ట్యాంకు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. బిడ్డ పుట్టాక నన్ను లేబరు వార్డు నుంచి బయటికి తెచ్చినప్పుడు ఆయన ముఖంలో చూశాను అటువంటి వెలుగు.

కానీ ఇంజనులోంచి చప్పుడు వస్తోంది. టకటకమని ఎవరో లోపలి నుంచి తలుపు కొడుతున్నట్టు.

"సప్పుడు వస్తుంది బావ" అన్నాను. వినపడలేదు. దగ్గరికి పోయి మళ్లీ చెప్పాను.

"ఏం సప్పుడు? సాఫ్‌గ నడుస్తుంది గదా" అన్నాడు.

"లేదు కొడుకా, టకటక కొడ్తుంది" అన్నాడు కాక. "నాకే ఇనవడ్తుంది, నీకెట్ల ఇనవడ్తలేదు?"

బావ మమ్మల్నిద్దర్నీ చూశాడు. వంగి చెవిని ట్యాంకుకు ఆనించాడు. ఇటువైపు వచ్చి మళ్లీ ఆనించాడు. తరవాత మెల్లగా తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. కాకకు పాపం తన మాట ఎక్కడ తగిలిందో అర్థమైంది. పాలు పొంగుతాయంటూ లేచి వెళ్లిపోయాడు. వాళ్లింట్లో పాలు చూసే పని ఆయనది కాదు.

బావ స్టూలు మీద కూర్చున్నాడు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎప్పట్నుంచి గిట్లున్నది నాకు?"

నేను ఆయన ఎదురుగా కూర్చుని, ముఖం కనిపించేలా చెప్పాను. "బిడ్డ పెండ్లి కన్న ముందట్నుంచి."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన బావ. నీకు ఇనవడలే."

నవ్వించాలని అన్న మాట కాదది. జరిగిందే చెప్పాను. ఆయన ఒక్క క్షణం నన్నే చూసి నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి బనీను కొసతో కళ్లు తుడుచుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది, దాంతోపాటు కొంచెం ఏడుపూ వచ్చింది. చివరికి లేచి పెట్టెలోంచి ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇగ నువ్వు ఇనాలె. నేను చేస్త" అన్నాడు.

స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు ఒత్తిపెట్టుకుంటే లోపలి చప్పుడు వినపడుతుంది. స్టెతస్కోపు వాడేదాన్ని కాబట్టి నాకు వింత అనిపించలేదు. అయితే విన్నది చెప్పడమే కష్టమైంది. గుండె చప్పుడుకు మాకు మాటలున్నాయి, ఇంజనుకు లేవు. గ్లాసులో చెంచా కొట్టినట్టుంది అనేదాన్ని. కుట్టుమిషను లాగా ఉంది, కాకపోతే దారం తెగిన మిషను లాగా అనేదాన్ని. ఆయన కళ్లు మూసుకుని ఆ చప్పుడును ఊహించుకునేవాడు. పైభాగంలో చెంచా చప్పుడు అనగానే, లోపలి కవాటాలను నొక్కే టాపెట్లు వదులయ్యాయని పోల్చాడు. పల్చటి ఇనుప రేకులు సందులో పెట్టి, వేళ్లకు తగిలే బిగువును బట్టి వాటిని సరిచేశాడు. ఆ పనికి ఆయనకు చెవులు అక్కరలేదు. మళ్లీ స్టార్టు చేస్తే చెంచా చప్పుడు పోయింది.

దాని వెనక దాక్కున్న ఇంకో చప్పుడు బయటపడింది. రేకుడబ్బాలో గవ్వలు ఆడించినట్టు. దీనికి ఏ మాట చెప్పినా బావకు అందలేదు. చౌరస్తాలో బండ్లు బాగుచేసే మెకానిక్ ఒకతను ఉన్నాడు. బావంటే గౌరవం. పిలిస్తే వచ్చాడు. విని, లోపలి గొలుసు అరిగి ఉండొచ్చు, ఇంజను విప్పి చూస్తే నయమన్నాడు. బావ అప్పటికే చాప పరిచి పానాలు సర్దుతున్నాడు. ఇంజను విప్పడమంటే ఆయనకు భయం లేదు, పైగా సంబరం. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. స్క్రూడ్రైవరు ఇంజను మీద ఎక్కడ పెట్టినా ఆ గవ్వల చప్పుడు దూరంగానే ఉంది. పెట్టకుండా వింటేనే దగ్గరగా ఉంది. కడుపునొప్పి అంటూ వచ్చే పేషెంటును నొక్కుతూ పోతే ఒకచోట ముఖం మారుతుంది. అలాగే చూద్దామని వంటింట్లోంచి చపాతీకర్ర తెచ్చి, బండి నడుస్తుండగా అక్కడా ఇక్కడా నొక్కుతూ పోయాను. సైలెన్సరు మీద కాలు కాలకుండా ఒక మెరుపు రేకు ఉంటుంది. దాని వెనక కొసను నొక్కగానే చప్పుడు టక్కున ఆగిపోయింది. కర్ర తీస్తే మళ్లీ మొదలైంది.

"బావ, గిది లోపలిది కాదు" అని అరిచాను.

మెకానిక్ వంగి చూశాడు. రేకును కింది నుంచి పట్టుకునే స్క్రూ ఊడిపోయింది. అతను నవ్వుతూ జేబులోంచి ఒకటి తీసి తనే బిగించాడు. బావ పానాలన్నీ తిరిగి పెట్టెలో సర్దుకున్నాడు. ఇంజను విప్పే అవకాశం పోయినందుకు కొంచెం దిగులుపడ్డాడని కూడా నాకు అనుమానం. ముగ్గురికీ టీ పెట్టాను. ఇంజను నున్నగా, మందంగా, తిన్న గేదె నెమరేసినట్టు నడుస్తూ ఉంది. నేను విన్నది విన్నట్టు బావకు చెప్పాను.

ఆ వారంలోనే ఒక పొద్దున, అడగకుండానే, "కరీంనగర్ పోదాం, చెవులు చూపెట్టుకుంట" అన్నాడు. బండి మీదే పోదామన్నాడు. బండికీ చెవులకూ ఒకే రోజు పరీక్ష. దారిలో బసంత్‌నగర్‌లో ఆగి అమ్మినాయనకు చూపించాం. ఆయన నడుముకు బెల్టు పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. తన బండి రంగు తనే మరిచిపోయినట్టున్నాడు. చాలాసేపు నిలబడి చూశాడు. ఎక్కి కూర్చోమని బావ అంటే, భార్య భుజం పట్టుకుని ఎక్కి, రెండు చేతులూ హ్యాండిలు మీద ఆనించి, రోడ్డు చూస్తున్నట్టు ముందుకు చూశాడు. దిగాక, ఇప్పుడు మనసు నిమ్మళమైందన్నాడు. మాకు భోజనం పెట్టందే కదలనివ్వలేదు.

కరీంనగర్‌లో డాక్టరు పరీక్ష చేసి, పోయింది పోగా మిగిలింది నిలబెట్టుకోవచ్చని చెప్పి, రెండు చెవులకూ మిషన్లు రాశాడు. అవి వచ్చిన మొదటి వారం మా ఇంట్లో బావ ఫిర్యాదులే. ఫ్యాను మోత. తన చెప్పుల చప్పుడు. నా గాజులు. కాక వాళ్ల కుక్కరు. "గింత లొల్లిల ఎట్ల బతుకుతుండ్రే మీరు?" అని అడిగాడు. సాయంత్రం అమ్మాయి ఫోను చేస్తే తీసుకుని పెరట్లోకి పోయాడు. నేను బియ్యం కడిగి, పొయ్యి మీద పెట్టి, కూర తరిగినా రాలేదు. తొంగిచూస్తే బండి సీటు మీద పక్కకు కూర్చుని, కాళ్లు ఆడిస్తూ, ఎలుక గూడు సంగతి మొదటి నుంచీ చెబుతున్నాడు. ఆ రోజు ఫోను నా దాకా రానే లేదు.

వానలు తగ్గాక నాకు సెలవు దొరికిన రోజున కాసిపేట పోయాం. బావ చెల్లెలు, నా ఆడబిడ్డ, అక్కడ ఉంటుంది. వాళ్లకు కొంచెం పొలం ఉంది. గోదావరి వంతెన దాటి, మంచిర్యాల మీదుగా, మందమర్రిలో టీకి ఆగాం. బండి మీద గాలికి చెవి మిషన్లు గోలపెడతాయని బావ వాటిని తీసి డబ్బాలో పెట్టి జేబులో వేసుకున్నాడు. కుడి భుజం మీద తడితే మెల్లగా, రెండు భుజాలూ తడితే ఆపు అని ముందే అనుకున్నాం. దిండుకు ఆనుకుని కూర్చుంటే సుఖంగానే ఉంది. రెండు పక్కలా టేకు చెట్లు, తడి ఆరని పత్తి చేలు. ఆయనకు ఎలాగూ వినపడదు కదా అని నేను దారిపొడవునా నాకు తోచిందల్లా పైకే మాట్లాడాను. దవాఖానలో కోపం తెప్పించిన వాళ్లను తిట్టాను. చర్చి పాటలు పాడాను. ఒకసారి ఆయన్ను కూడా మెచ్చుకున్నాను. ఆయన అద్దంలో నా పెదవులు కదలడం చూసి, అలవాటుగా తల ఊపాడు.

ఆడబిడ్డ నాటుకోడి వండింది. తిరిగి వచ్చేటప్పుడు ఒక పక్క చట్రానికి బియ్యం సంచి, ఇంకో పక్క పుంటికూర కట్టలు వేలాడదీసింది. బండి బియ్యం వైపు ఒరిగితే బావ రెండుసార్లు విప్పి సర్దాడు. మర్నాడు నాకు మార్నింగ్ షిఫ్టు కాబట్టి పొద్దు ఉండగానే బయలుదేరాం. మంచిర్యాల దాటి వంతెన దగ్గర ఆగి చూసుకుంటే పుంటికూరలో సగం ఆకు గాలికి రాలిపోయింది, కాడలు మిగిలాయి. బావ మిషన్లు చెవుల్లో పెట్టుకుని, కట్ట ఎత్తి చూసి, "పప్పుకు సరిపోతది తియ్" అన్నాడు. కింద గోదావరి నిండుగా పారుతోంది. మేమిద్దరం కాసేపు రెయిలింగు పట్టుకుని నిలబడి, తరవాత ఇంటికి వచ్చాం.